చెప్పుకోవడానికి ఒక మనిషి

(స్త్రీలలో డిప్రెషన్‌కు దారితీసే సామాజిక పరిస్థితులపై ఒక మానసిక వైద్యురాలు చేసిన ప్రసంగం. సభకు రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. గంటసేపు నిలబడితే కాళ్ళు లాగుతాయి. కూర్చోండి.

ముందుగా ఒకామె గురించి చెబుతాను. ఆమె ఎవరో తెలియకూడదు కాబట్టి కొన్ని వివరాలు మార్చాను. ముప్పై అయిదేళ్ళుంటాయి. భర్తతో కలిసి వచ్చింది. ఒళ్ళునొప్పులు, తలనొప్పి, నీరసం. అప్పటికే ముగ్గురు డాక్టర్లకు చూపించుకున్నారు. రక్తపరీక్షలు, స్కానింగులు, అన్నీ నార్మల్. "ఏమీ లేదమ్మా, అంతా బాగానే ఉంది" అని పంపించేశారు. నాలుగో డాక్టర్‌గా నా దగ్గరికి వచ్చారు.

నేను ఆమెను అడిగాను, "నిద్ర పడుతోందా అమ్మా?" ఆయన చెప్పారు, "పడుకుంటుందండీ, బాగానే పడుకుంటుంది." "ఆకలి వేస్తోందా?" ఆయనే చెప్పారు, "తింటుందండీ." "మనసెలా ఉంటోంది?" మళ్ళీ ఆయనే, "మనసుకేమండీ, ఇంట్లో ఏ లోటూ లేదు." ఆయన చెడ్డమనిషి కాదు, ఈ మాట మీరు గుర్తుపెట్టుకోవాలి. సెలవు పెట్టుకుని మరీ భార్యను తీసుకొచ్చారు. ఫైలు పట్టుకుని ప్రతి రిపోర్టూ వరసగా సర్ది ఇచ్చారు. కానీ ఆమెను అడిగిన ఏ ఒక్క ప్రశ్నకూ ఆమె జవాబు చెప్పలేదు.

ఆమె చేతిలో ఓపీ చీటీ ఉంది. దాన్ని మడతపెడుతోంది. సగానికి, మళ్ళీ సగానికి, మళ్ళీ సగానికి. చివరికి బొటనవేలి గోరంత అయింది. ఇంక మడత పడదు. అయినా వేళ్ళతో నొక్కుతూనే ఉంది. నేను ఆయన మాటలు వింటూ ఆ చీటీ వంకే చూస్తున్నాను.

ఇంతలో ఆయనకు ఫోన్ వచ్చింది, బయటికి వెళ్ళారు. తలుపు పడింది. నేనేమీ అడగలేదు. ఆమే తల ఎత్తకుండా అంది, "నన్ను పేరుపెట్టి పిలిచి ఎన్నాళ్ళయిందో డాక్టర్‌గారూ. పని చెప్పడానికి తప్ప నాతో ఎవరూ మాట్లాడరు."

ఇంటి నిండా మనుషులే. అత్తగారు, మామగారు, ఇద్దరు పిల్లలు, భర్త. అయినా ఆ మాట అంది. ఈరోజు నేను మాట్లాడేదంతా ఆ ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది. మనుషుల మధ్య ఉండటం వేరు, చెప్పుకోవడానికి ఒక మనిషి ఉండటం వేరు. ఈ రెండింటికీ మధ్య ఉన్న దూరంలోనే చాలామంది ఆడవాళ్ళు జబ్బుపడుతున్నారు.

డిప్రెషన్ అంటే ఏమిటో రెండు మాటల్లో చెప్పి ముందుకెళతాను. బాధ కలగడం డిప్రెషన్ కాదు. ఆత్మీయులు పోతే ఏడవడం జబ్బు కాదు. దిగులుగానో, దేనిమీదా ఆసక్తి లేకుండానో రోజులో ఎక్కువ భాగం గడుస్తుంటే, అది రెండు వారాలు దాటినా వదలకపోతే, దానికి తోడు నిద్ర, ఆకలి చెడి, ఒంట్లో సత్తువ పోయి, "నేను దేనికీ పనికిరాను" అనే ఆలోచన పట్టుకుంటే, అప్పుడు దాన్ని డిప్రెషన్‌గా అనుమానించాలి. ఇది చాలాసార్లు ఒంటినొప్పి రూపంలో వస్తుంది. మనసు బాగోలేదంటే వినేవాళ్ళు ఉండరు, నడుం నొప్పి అంటే కనీసం మాత్ర తెచ్చిస్తారు. అందుకని మనసు మాట ఒళ్ళు చెబుతుంది.

మగవాళ్ళతో పోలిస్తే ఆడవాళ్ళలో డిప్రెషన్ దాదాపు రెట్టింపు కనిపిస్తుందని ఎన్నో దేశాల్లో, ఎన్నో పరిశోధనల్లో తేలింది. ఎందుకు? ఇక్కడ ఎవరిని అడిగినా మొదట వచ్చే జవాబు "హార్మోన్లు". రెండోది "ఆడవాళ్ళ మనసు సున్నితం".

హార్మోన్లకు పాత్ర లేదని నేను అనను. చిన్నపిల్లల్లో ఆడామగా తేడా పెద్దగా ఉండదు. పన్నెండు, పదమూడేళ్ళ దగ్గర ఆ తేడా మొదలవుతుంది. శరీరం మారే వయసే అది, నిజమే. కానీ ఆ వయసులో ఇంకేం మారుతుందో కూడా ఆలోచించండి. ఒక్కతీ బయటికి వెళ్ళొద్దనడం ఎప్పుడు మొదలవుతుంది? ఒంటి గురించి వినకూడని మాటలు వినడం ఎప్పుడు మొదలవుతుంది? ఇంటిపని తమ్ముడికి కాకుండా తనకే చెప్పడం ఎప్పుడు మొదలవుతుంది? ఒళ్ళూ మారుతోంది, లోకం ఆ పిల్లను చూసే చూపూ మారుతోంది. మొదటిది మాత్రమే లెక్కలో వేసుకుని రెండోది వదిలేస్తే ఎలా?

వంశపారంపర్యం సంగతీ అంతే. కవలల మీద జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, డిప్రెషన్ ఎవరికి వస్తుంది, ఎవరికి రాదు అన్న తేడాలో జన్యువుల వాటా సుమారు 37 శాతం అని లెక్క తేలింది. మిగతాది మనిషి బతికిన బతుకులో ఉంది. ఆ మిగతాదాని గురించే ఈరోజు మాట్లాడుకుందాం.

ఇక్కడ నాకు చాలా ఇష్టమైన ఒక పరిశోధన గురించి చెప్పాలి. కొంచెం తీరిగ్గా చెబుతాను, ఓపిక పట్టండి. లండన్ నగరంలో దక్షిణ భాగాన కాంబర్‌వెల్ అనే ప్రాంతం ఉంది. జార్జ్ బ్రౌన్, టిరిల్ హ్యారిస్ అనే ఇద్దరు పరిశోధకులు అక్కడి మామూలు ఆడవాళ్ళను కలిశారు. ఆస్పత్రికి వచ్చిన రోగులను మాత్రమే కాదు, ఇళ్ళల్లో ఉన్న 458 మందిని. గడిచిన ఏడాదిలో మీ జీవితంలో ఏం జరిగింది, ఎప్పుడు జరిగింది, అప్పుడు మీ పక్కన ఎవరున్నారు అని ఒక్కొక్కరినీ కూర్చోబెట్టుకుని అడిగారు. 1978లో ఆ ఫలితాలు పుస్తకంగా వచ్చాయి.

ఏం తేలింది? ఆ ఏడాదిలో కొత్తగా డిప్రెషన్ వచ్చినవాళ్ళలో పదిమందికి దాదాపు తొమ్మిది మంది జీవితంలో అంతకుముందే పెద్ద దెబ్బ ఏదో తగిలింది. దగ్గరివాళ్ళు పోవడం, విడిపోవడం, ఉన్న ఇల్లు పోయే పరిస్థితి, ఏళ్ళ తరబడి తీరని కష్టం, ఇలాంటివి. ఏ కారణమూ లేకుండా ఊరికే వచ్చింది అనుకునేది చాలావరకు ఊరికే రాలేదు.

కానీ అసలు సంగతి ఇంకోటి ఉంది. అంతటి దెబ్బలు తిన్న ఆడవాళ్ళలో కూడా డిప్రెషన్ వచ్చింది సుమారు అయిదుగురిలో ఒకరికే. నలుగురు తట్టుకున్నారు. ఆడవాళ్ళ మనసు సున్నితం అనేవాళ్ళకు ఈ లెక్క చెప్పండి. అయిదుగురిలో నలుగురు నిలబడ్డారు! మరి ఆ ఒక్కరికే ఎందుకొచ్చింది? ఆమె బలహీనురాలా? పరిశోధకులు వెతికితే, ఆమె చుట్టూ ఉన్న పరిస్థితుల్లో తేడా కనిపించింది. నాలుగు సంగతులు తేలాయి. మనసు విప్పి మాట్లాడుకునే దగ్గరి మనిషి లేకపోవడం. పద్నాలుగేళ్ళలోపు పిల్లలు ముగ్గురు, అంతకంటే ఎక్కువమంది ఇంట్లో ఉండటం. బయట ఉద్యోగం లేకపోవడం. పదకొండేళ్ళు నిండకముందే తల్లిని పోగొట్టుకోవడం.

మొదటిది చూడండి. కష్టం వచ్చినప్పుడు భర్తతోనో, అంత దగ్గరి మనిషితోనో అన్నీ చెప్పుకోగలిగినవాళ్ళలో పదిమందికి ఒకరికి డిప్రెషన్ వచ్చింది. అలాంటి తోడు బొత్తిగా లేనివాళ్ళలో పదిమందికి నలుగురికి వచ్చింది. కష్టం ఒకే రకం. తేడా, చెప్పుకోవడానికి మనిషి ఉన్నారా లేరా అన్నదే. నా గదిలో చీటీ మడతపెట్టినామె ఈ పుస్తకాలేవీ చదవలేదు. కానీ ఆ పరిశోధకులు అన్నేళ్ళు కష్టపడి రాసింది తను ఒక్క వాక్యంలో చెప్పింది.

పిల్లల సంఖ్యలో మహత్తేమీ లేదు. రోజులో ఒక్క అరగంటైనా తనదిగా మిగలకపోతే మనిషికి ఊపిరాడదు. అది ముగ్గురు పిల్లలతో కావచ్చు, ఒక్క బిడ్డతో కావచ్చు, మంచంపట్టిన పెద్దవాళ్ళతో కావచ్చు. రాత్రి నాలుగుసార్లు లేచి పక్కలు మార్చి, పొద్దున్నే అందరికంటే ముందు లేచే మనిషిని "నువ్వు పగలంతా ఇంట్లోనే ఉంటావుగా" అంటాం. అనకూడదు.

ఉద్యోగం గురించి ఒక మాట. ఉద్యోగం డబ్బిస్తుంది, సరే. దాంతోపాటు ఇంకో చోటు ఇస్తుంది. అక్కడ పేరుపెట్టి పిలుస్తారు. బాగా చేశావంటారు. ఇంట్లో ఒకరు చిన్నచూపు చూసినా, "నేను పనికొచ్చే మనిషినే" అని చెప్పే ఇంకో అద్దం దొరుకుతుంది. అయితే ఉద్యోగం చేస్తే చాలు డిప్రెషన్ రాదని ఎవరూ అనుకోవద్దు. ఎనిమిది గంటలు బయట డ్యూటీ, ఇంటికొచ్చాక రెండో డ్యూటీ, ఆదివారం నాడు ఇంకా పెద్ద డ్యూటీ. అప్పుడు ఆ ఉద్యోగమే ఇంకో బరువు అవుతుంది. జీతం ఆమె అకౌంట్లోనే పడుతుంది, ఏటీఎం కార్డు ఇంకొకరి జేబులో ఉంటుంది. అలాంటప్పుడు ఆమె సంపాదిస్తోందనాలా, సంపాదించి ఇస్తోందనాలా?

తల్లి పోవడం సంగతి. ఇది విని కొందరు భయపడతారు, "నాకు ఎనిమిదేళ్ళప్పుడే అమ్మ పోయింది, నా గతి ఇంతేనా" అని. భయపడొద్దు. అదే బృందం తర్వాత చేసిన పనిలో తేలిందేమిటంటే, తల్లి పోయాక ఆ పిల్లను ఎవరు ఎలా చూసుకున్నారన్నదే ముఖ్యం. అమ్మమ్మో, పిన్నో, నాన్నో కడుపులో పెట్టుకుని పెంచితే ఆ ముప్పు చాలావరకు తగ్గుతుంది. అమ్మ ఉన్నా పట్టించుకోని ఇల్లయితే ముప్పు ఉండనే ఉంటుంది.

బ్రౌన్ బృందం ఆ తర్వాత ఇంకో మెట్టు ఎక్కింది. దెబ్బలన్నీ ఒకటేనా అని అడిగింది. ఒకటి కావు. మనిషిని పోగొట్టుకున్న దుఃఖం పెద్దదే. కానీ దానికి అవమానం తోడైనప్పుడు, లేదా ఇందులోంచి బయటపడే దారే లేదు అనిపించినప్పుడు డిప్రెషన్ ముప్పు మరింత పెరుగుతుందని 1995లో ప్రచురించారు. అవమానం, ఇరుక్కుపోవడం. ఈ రెండు మాటలూ రాసుకోండి. నేను రోజూ నా గదిలో వినేవి ఈ రెండే. నలుగురిలో తీసిపారేసినట్టు మాట్లాడతారు. పుట్టింటికి వెళ్దామంటే "సర్దుకుపో" అంటారు. ఫోన్ ఉంటుంది, ఎవరితో మాట్లాడిందో రాత్రి ఎవరో తిప్పి చూస్తారు. వెళ్ళడానికి చోటు లేదు, ఉండటానికి మనసు రాదు. ఏళ్ళకేళ్ళు అలా గడిస్తే ఏ మనిషికైనా ఏమవుతుంది? నాకైనా, మీకైనా?

ఇక కొట్టడం గురించి గొంతు తగ్గించకుండా చెప్పుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ప్రపంచంలో దాదాపు ప్రతి ముగ్గురు స్త్రీలలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు శారీరక హింసో, లైంగిక హింసో ఎదుర్కొన్నవాళ్ళే. అందులో ఎక్కువభాగం భర్త లేదా జీవిత భాగస్వామి చేతుల్లోనే. అలాంటి హింస పడ్డవాళ్ళలో డిప్రెషన్ దాదాపు రెట్టింపు అని 2013లో అదే సంస్థ నివేదిక చెప్పింది. మన వరసల్లో ముగ్గురేసి చొప్పున లెక్కపెట్టుకుంటూ పోతే ఎంతమంది? తల తిప్పి చూడొద్దు. మనసులో లెక్కపెట్టుకోండి చాలు. ఆమె డిప్రెషన్‌కు మాత్రలు రాసిచ్చి, అదే ఇంటికి, అదే చేతికిందకి పంపిస్తే నేను చేసింది సగం వైద్యమే.

కాన్పు గురించి కూడా చెప్పాలి. అందరూ సంతోషించే సమయం కాబట్టి అప్పటి దిగులు ఎవరికీ కనబడదు. గర్భిణుల్లో, కొత్త తల్లుల్లో పదిమందికి ఒకరికి పైగా డిప్రెషన్ వస్తుంది. గోవాలో జరిగి 2002లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో కాన్పయిన ఆరు, ఎనిమిది వారాలకు 23 శాతం తల్లుల్లో కనబడింది. ఎవరిలో ఎక్కువ? పేదరికం ఉన్నచోట, భర్తతో సఖ్యత లేనిచోట, ఆడపిల్ల పుట్టిందని నిరాశపడ్డ ఇళ్ళలో. ఈ మూడింటిలో ఏది హార్మోను చెప్పండి? కొత్త తల్లిని చూడటానికి వెళ్ళినవాళ్ళందరూ బిడ్డను ఎత్తుకుంటారు. "నువ్వెలా ఉన్నావమ్మా, రాత్రి ఎన్ని గంటలు పడుకున్నావు" అని తల్లిని అడిగేవాళ్ళు ఎంతమంది?

ఇదంతా విన్నాక గుండె బరువెక్కుతుంది. "సమాజం మారాలి" అనేసి లేచి వెళ్ళిపోతాం. కానీ పనిచేసిన పద్ధతులున్నాయి, పరీక్ష పెట్టి నిరూపించినవి. అవి వినండి.

టిరిల్ హ్యారిస్ గురించి చెప్పానుగా, తోడు లేకపోవడం ముప్పు అని తేల్చినామె. ఆమె అక్కడితో ఆగలేదు. తోడు ఇస్తే తగ్గుతుందా అని చూశారు. లండన్‌లో చాలాకాలంగా డిప్రెషన్‌తో ఉన్న ఆడవాళ్ళలో కొందరికి ఒక్కొక్క వలంటీర్‌ను జతచేశారు. ఆ వలంటీర్ డాక్టర్ కాదు, కౌన్సెలర్ కాదు. వారానికి కనీసం ఓ గంట కలిసి కూర్చుని మాట్లాడటం, వినడం, తోడుగా బయటికి వెళ్ళడం. ఏడాదిపాటు. 1999లో ఫలితాలు వచ్చాయి. తోడు దొరికినవాళ్ళలో 65 శాతం మంది కోలుకున్నారు. దొరకనివాళ్ళలో 39 శాతం. వారానికి ఒక గంట, అంతే.

పాకిస్తాన్‌లోని రావల్పిండి చుట్టుపక్కల పల్లెల్లో అతీఫ్ రెహ్మాన్ బృందం ఇంకోలా చేసింది. ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి, డిప్రెషన్‌లో ఉన్న గర్భిణుల దగ్గరికి పంపింది. ఇక్కడ వాళ్ళ తెలివి చూడండి. "మీ కోడలికి మానసిక వైద్యం చేస్తాం" అంటే ఎవరు గడప దాటనిస్తారు? తల్లీబిడ్డల ఆరోగ్యం కోసం వచ్చాం అన్నారు. అది అబద్ధం కాదు కదా, తల్లి బాగుంటేనే బిడ్డ బాగుంటుంది. తలుపులు తెరుచుకున్నాయి. కాన్పయిన ఆరు నెలలకు చూస్తే, ఈ పద్ధతి అందినవాళ్ళలో 23 శాతం మందికి డిప్రెషన్ మిగిలింది, అందనివాళ్ళలో 53 శాతం మందికి. 2008లో ప్రచురించారు.

జింబాబ్వేలో డిక్సన్ చిబాండా అనే మానసిక వైద్యుడు ఉన్నారు. ఆయన పేషెంట్ ఒక అమ్మాయి బస్సు ఛార్జీకి డబ్బుల్లేక ఆస్పత్రికి రాలేకపోయింది, ప్రాణం తీసుకుంది. ఆస్పత్రే మనిషి దగ్గరికి వెళ్ళాలి అనుకుని, 2006లో 14 మంది బామ్మలకు శిక్షణ ఇచ్చి క్లినిక్ ఆవరణలో చెక్కబెంచీలు వేయించారు. బామ్మ కూర్చుని ఉంటుంది, కష్టం ఉన్నవాళ్ళు వచ్చి పక్కన కూర్చుంటారు. అక్కడి షోనా భాషలో ఈ బాధకు ఉన్న మాటకు అర్థం "మితిమీరి ఆలోచించడం". మనవాళ్ళు "ఒకటే ఆలోచనలండీ, తల పగిలిపోతోంది" అంటారే, అదే! అంత దూరాన ఉన్న దేశం, అదే మాట. బామ్మ ముందు వింటుంది. తర్వాత ఉన్న సమస్యల్లో ఒకదాన్ని ఎంచుకుని, దానికి ఈ వారం ఏం చేయగలవో నువ్వే చెప్పు అంటుంది. 2016లో వచ్చిన ట్రయల్ ఫలితాల్లో బామ్మల దగ్గర కూర్చున్నవాళ్ళకు మామూలు వైద్యం అందినవాళ్ళకంటే బాధ బాగా తగ్గింది.

ఇవి విని "అయితే మందులు అక్కర్లేదా డాక్టర్‌గారూ" అంటారేమో. అలా అనడం లేదు. డిప్రెషన్ తీవ్రంగా ఉన్నప్పుడు మందులు కావాలి, పనిచేస్తాయి. వాడుతున్నవాళ్ళు నా మాట విని ఆపేయొద్దు. ఎవరైనా "బతకాలని లేదు" అంటే మాట మార్చకండి. "చనిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన వస్తుందనేది అపోహ. అడిగాక ఒంటరిగా వదలకండి, ఆరోజే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి.

ఇక్కడున్న మగవాళ్ళకు ఒక విన్నపం. మీ ఇంటావిడను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళారా, చాలా మంచి పని. డాక్టర్ ఆమెను ప్రశ్న అడిగినప్పుడు ఒక్క నిమిషం ఆగండి. జవాబు ఆలస్యంగా వస్తుంది, ఎందుకంటే ఆమెను అడిగి చాలాకాలమైంది. ఆగండి. వస్తుంది.

మొదట చెప్పినామె ఏమైందని అడుగుతారు. మందు ఇచ్చాం, నాలుగు నెలలు వాడింది. ఆయనతో విడిగా రెండుసార్లు మాట్లాడాను. రెండోసారి ఆయనకు కళ్ళనీళ్ళు వచ్చాయి, "నాకు తెలియలేదండీ" అన్నారు. నిజంగానే తెలియలేదు. కానీ ఆమె మొహంలో మొదటి వెలుగు నేను చూసింది వాటివల్ల కాదు. పెళ్ళికి ముందు కలిసి చదువుకున్న స్నేహితురాలి నంబర్ దొరికిందట, పదమూడేళ్ళ తర్వాత. "డాక్టర్‌గారూ, ఫోన్ ఎత్తగానే నా పేరు పట్టి పిలిచిందండీ" అంది. ఏళ్ళ తరబడి డిప్రెషన్‌లో ఉన్నవాళ్ళు కోలుకోవడానికి ముందు తరచూ జీవితంలో చిన్నదో పెద్దదో ఒక కొత్త మొదలు ఉంటుందని బ్రౌన్ బృందం 1988లోనే రాసింది. కొత్త పని, మళ్ళీ చదువు, పాత స్నేహం, ఒక్కోసారి విడిపోవడం కూడా. ఈమెకు అది ఒక ఫోన్ నంబర్.

నా సమయం అయిపోయింది. ఇప్పుడు ప్రశ్నలకు పావుగంట ఇచ్చారు. అందరి ముందూ అడగలేని ప్రశ్నలు ఉన్నవాళ్ళు కంగారుపడొద్దు. సభ అయ్యాక నేను ఆ వెనక గదిలో కూర్చుంటాను, ఎంతసేపైనా ఫరవాలేదు. ఒక్కొక్కరే లోపలికి రండి. తోడు వచ్చినవాళ్ళు దయచేసి కాసేపు బయట ఉండండి.